నాలుగో పేజీ చివర

అనవసరంగా ఆగుట. మా ఫారంలో అది పదిహేడో గడి. దారి ఖాళీగా ఉండి, ఎదురుగా పిల్లి కూడా లేకుండా ఉండి, అయినా మనిషి కాలు బ్రేకు మీదికి పోయి బండి ఆగిపోతే ఆ గడిలో ఒక గీత గీస్తాను. మూడు గీతలైతే లైసెన్సు లేదు, ఇంకో నెల నేర్చుకుని రండి అంటాను. ఇరవై రెండేళ్లుగా నా ఉద్యోగం ఇదే, పక్క సీట్లో కూర్చుని, ఒళ్లో అట్ట పెట్టుకుని, భయపడుతున్నవాళ్లని ఇంకాస్త భయపెట్టడం. అంచేత పరీక్ష గది బయట కుర్చీ ఎలా ఉంటుందో నాకు ఈ నెలలోనే తెలిసింది. మూడు సంగీతం కాలేజీల్లోనూ ఒకటే కుర్చీ. నాలుగింటిని కలిపి ఒకే ఇనప కమ్మీకి బిగిస్తారు, ఆ చివర ఫ్లూటు పిల్ల వాళ్లమ్మ కాలు ఊపితే ఈ చివర నా పళ్లు కదులుతున్నాయి. గోడ మీద నిశ్శబ్దం పాటించండి అని రాసుంది, దాని కిందే కూర్చుని ఆవిడ ఫోన్లో ఎవరికో ఇక్కడ మాట్లాడకూడదట, అస్సలు మాట్లాడకూడదట అని పావుగంటగా చెబుతోంది. గడియారం పదకొండూ ఐదు. మా అమ్మాయి వంతు పదకొండున్నరకి. మేము ఈ భవనంలో అడుగుపెట్టింది ఎనిమిదింటికి, అప్పటికి వాచ్‌మన్ ఇంకా పళ్లు తోముకుంటున్నాడు. రైలు తప్పిపోవడం మా ఇంటా వంటా లేదు. గంటన్నర ముందు వెళ్లి కూర్చుంటే రైలు మాత్రం ఎక్కడికి పోతుంది. మా వాళ్లందరూ ప్లాట్‌ఫారాల మీద గడిపిన కాలాన్ని ఒకడికే ఇచ్చి ఉంటే వాడు ఈపాటికి డాక్టరయ్యేవాడు.

ఒళ్లో ఫైలుంది. ఫైల్లో పద్నాలుగు జిరాక్సులున్నాయి. నిన్న మా అక్కయ్య ఫోన్ చేసి, ఒరేయ్, కాయితాలన్నీ పెట్టుకున్నావా అంది. మనిషి ఉన్నాడో లేడో కాయితాలు చూస్తేగానీ మా అక్కయ్యకి నమ్మకం కుదరదు. మా ఆవిడ పోయిన రోజున కూడా నన్ను పట్టుకుని బాగా ఏడ్చి, కళ్లు తుడుచుకుని, ఒరేయ్ కాయితాలు అంది. పుట్టిన సర్టిఫికెట్టు, మార్కుల జాబితాలు, పోలియో చుక్కల కార్డు, అన్నీ ఉన్నాయి. మూడు కాలేజీలు తిరిగినా మీ అమ్మాయికి చుక్కలు వేయించారా అని ఎవరూ అడగలేదు. అడిగితే మాత్రం నేను సిద్ధం. ఈ కోటు కూడా అక్కయ్య సలహాయే, కోటు వేసుకుంటే ఎదుటివాడు అరమార్కు ఎక్కువేస్తాడట, వాయించేది పిల్లే అయినా. నాకు ఇంకో కారణం ఉంది. లోపల చొక్కాకి వీపు మీద ఇస్త్రీ పెట్టె ఆకారంలో గోధుమరంగు మచ్చ ఉంది. పారేయొచ్చు కదా అంటారు. కోటు కింద కనబడని చొక్కాని పారేసే కుటుంబంలో నేను పుట్టలేదు.

మా అమ్మాయికి పదిహేడేళ్లు. పుట్టినప్పుడు ఏడ్చిన ఏడుపు విని వాళ్ల మేనత్త కంచు అని పేరు పెట్టింది, అదే ఉండిపోయింది. ఇప్పుడు మాట్లాడితే పక్కవాడికి వినబడదు, కంచూ అని నేను పిలిస్తే కొత్తవాళ్లు ఇంకెవరొస్తారా అని చూస్తారు. ఉన్న గొంతంతా సెల్లోలో పోసేసింది. సెల్లో అంటే వయొలిన్‌కి పెద్దన్నయ్య, భుజం మీద ఆగదు, మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని వాయించాలి, ప్రయాణంలో దానికి ఒక సీటు కావాలి. పొద్దున్న రైల్లో కిటికీ పక్కన అది కూర్చుంది, మధ్యలో పిల్ల, ఇటు చివర నేను. టికెట్లు చూసే ఆయన మూడో మనిషి ఏరండీ అన్నాడు. ఇద్దరం ఒక్కసారే సెల్లో వైపు చెయ్యి చూపించాం. మా ఆవిడ ఉన్న రోజుల్లో ఆ పెట్టె నా మోకాళ్ల మీద ప్రయాణం చేసేది, దిగే ముందు కాళ్లు ఉన్నాయో లేదో తడిమి చూసుకునేవాణ్ని. ఇప్పుడు కాళ్లు హాయిగా ఉన్నాయి. కాళ్లు హాయిగా ఉంటే ఇంత బాధగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

సగం దారిలో నాన్నా, నీకో మాట చెప్పాలి అంది. పరీక్ష రోజు పొద్దున్న మనిషి చెప్పాలనుకునే మాట ఏదీ మంచిది కాదు, స్టీరింగు పట్టుకుని సార్ మీకో మాట చెప్పాలి అన్నవాళ్లందరూ ఆ తర్వాత గోడని గుద్దినవాళ్లే. అవన్నీ తర్వాత తల్లీ, ముందు తిను అన్నాను. రొట్టె ముక్కల డబ్బా తెరిచి చేతిలో పెట్టాను. తినేసి మళ్లీ నోరు తెరిచింది. ఇంకో రెండు ముక్కలు పెట్టాను. నోటినిండా తిండి ఉన్న పిల్ల ఏ మాటా చెప్పలేదు, తల్లిదండ్రులు ఈ కిటుకు కనిపెట్టి కొన్ని వేల ఏళ్లయింది. కాసేపటికి కిటికీలోంచి, అంటే సెల్లో పక్కనుంచి కనబడినంత కిటికీలోంచి, బయటికి చూస్తూ ఉండిపోయింది. నేను వాయించలేనేమోనని భయంగా ఉంది అనబోయిందేమో. ఈ చదువు వద్దు నాన్నా అనబోయిందేమో. మొదటి కాలేజీ వద్దంది. రెండోది చూద్దాం అంది, చూద్దాం అంటే ఏమిటో నాకు తెలుసు, మా ఆఫీసులో మేమూ అంటాం. ఇది మూడోది. నాలుగోది లేదు. ఆ రెండు చోట్లా ఒంటరిగా వాయించమన్నారు, ఇక్కడ పియానోతో కలిసి వాయించాలి, కాలేజీ వాళ్ల పియానో మనిషి ఉంటాడు, ముందు పది నిమిషాలు ఆయనతో సరిచూసుకోనిస్తారు. నా భయమంతా ఆ పియానో గురించే. ఇంకా సరిగ్గా చెప్పాలంటే నాలుగో పేజీ చివర గురించి.

నాలుగో పేజీ చివర ఏముందో మా ఇంట్లో ముగ్గురికే తెలుసు. మా ఆవిడ చిన్నపిల్లల బళ్లో పాటలు నేర్పేది. ఎవరో ఇల్లు మారుతూ వదిలేసిన పియానో మా ఇంటికి తెచ్చుకుంది, అది గుమ్మంలో పట్టక తలుపు ఊడదీసి లోపలికి తోశాం, ఆ తలుపు ఆ తర్వాత ఎన్నడూ సరిగ్గా మూసుకోలేదు. పియానో మీద లేసు గుడ్డ, లేసు గుడ్డ పాడవకుండా ప్లాస్టిక్ షీటు, షీటు మీద తాళాల గిన్నె, కళ్లజోడు పెట్టె, కవర్లో చుట్టిన రిమోటు. మా ఇంట్లో సంగీతం మొదలవ్వాలంటే ముందు ఇల్లు సర్దాలి. సాయంత్రం ఆరున్నరకి తల్లీకూతుళ్లు కూర్చునేవాళ్లు. నాకు సంగీతం రాదు, నాకు తెలిసిన గుర్తులన్నీ రోడ్డు పక్కన స్తంభాల మీద ఉంటాయి. కానీ ఈ పాటలో నాలుగో పేజీ చివర పియానోకి రెండు చేతులూ ఖాళీ ఉండవు, కుడిచేయి పైకి పరిగెడుతుంటుంది, ఎడమచేయి దాన్ని తరుముతుంటుంది, ఆ పరుగు అయ్యేసరికి అయిదో పేజీ మొదట్లో మొదటి పాట మళ్లీ వస్తుంది, సెల్లో పియానో రెండూ కలిసి అందులోకి దిగాలి. ఈలోగా పేజీ ఎవరో ఒకరు తిప్పాలి. ఆ ఎవరో ఒకరు నేను. ఆవిడ గడ్డం ఇంత పైకెత్తి ఊఁ అనేది. అది నాకు పచ్చదీపం. పచ్చదీపం పడితే నేనేం చేస్తాను, ఎడమకి చూస్తాను, కుడికి చూస్తాను, వెనకెవరైనా వస్తున్నారేమో చూస్తాను, అప్పుడు కదుల్తాను. హాల్లో వెనకనుంచి లారీ రాదని తెలుసు. అయినా చూస్తాను. అందుకని ప్రతిసారీ అరక్షణం ఆలస్యం. ఆ అరక్షణం ఆవిడ చేతులు గాల్లో ఆగేవి, పిల్ల కమాను తీగల మీద ఆగేది, నేను పేజీ తిప్పేవాణ్ని, ఇద్దరూ నవ్వు ఆపుకుంటూ పాటలోకి దిగేవాళ్లు. ఆ రెండు పేజీలూ జిరాక్సు తీసి పక్కపక్కన అంటించుకుంటే తిప్పే పనే ఉండదు కదమ్మా అని అమ్మాయి మేష్టారు ఒకసారి అన్నారు. పోలియో కార్డుకే జిరాక్సు తీయించినవాణ్ని, ఆ పేజీకి తీయించలేనా. మా ఆవిడ ఒప్పుకోలేదు. మరి ఈయనకి పనేముంటుందండీ అంది.

ఆస్పత్రికి వెళ్లే ముందు ఆదివారం మధ్యాహ్నం పిల్ల ఫోన్ని కళ్లజోడు పెట్టెకి ఆనించి, పియానో భాగం మొత్తం వాయించి రికార్డు చేసింది. వారంలో వచ్చేస్తాను, అందాకా దీంతో కలిసి వాయించుకో అంది పిల్లతో. తొమ్మిది నిమిషాలు. నాలుగో పేజీ చివర ఊఁ అని వినబడుతుంది, తర్వాత ఏమీ వినబడదు, అది నేను ఎడమా కుడీ చూసుకుంటున్నది, తర్వాత కాయితం చప్పుడు, నా దగ్గు, ఆ తర్వాత పాట. వారంలో రాలేదు. ఆ సంగతి ఇంతకన్నా పొడుగ్గా చెప్పడం నాకు చేతకాదు. ఎనిమిది నెలలుగా ఆరున్నరకి ఆ ఫోను పియానో మీద కూర్చుని వాయిస్తుంది, పిల్ల దానితో కలిసి వాయిస్తుంది, పక్క గదిలో నేను మర్నాటి చొక్కా ఇస్త్రీ చేసుకుంటాను. ఊఁ అని వినబడగానే నా చెయ్యి లేస్తుంది, ఇస్త్రీ పెట్టెతో సహా లేస్తుంది. పిల్ల ఆగుతుంది. ఫోన్లో నేను పేజీ తిప్పుతాను, ఫోన్లో నేను దగ్గుతాను, అప్పుడు మళ్లీ ఇస్త్రీ. ఒకరోజు పెట్టె లేవలేదు, చెయ్యి ఒక్కటే లేచింది. ఈ వీపు మీది మచ్చ ఆ రోజుదే.

మేష్టారు చెప్పి చూశారు. అక్కడ ఆగమని కాయితంలో రాసిలేదమ్మా, అది తప్పు కింద కొడతారు, బతికున్న మనిషితో సాధన చెయ్యాలి అన్నారు, అనేసి నాలుక కరుచుకున్నారు. పిల్ల తల వంచుకుంది. ఊళ్లో ప్రతివాడికీ ఆగకూడని చోట ఆగకండి అని చెప్పి పంపేవాణ్ని, నా ఇంట్లో రోజూ ఆరూ ముప్పై అయిదుకి ఆగకూడని చోట ఆగుతుంటే ఒక్క గీత గీయలేదు. ఎందుకంటే మిగతా ఎనిమిది నిమిషాల చిల్లరలోనూ మా ఆవిడ పియానో వాయిస్తుంటుంది, అంతే. ఆ అరక్షణంలో మాత్రం నా కోసం చూస్తుంటుంది. ఈమధ్య పిల్ల మంగళవారం, శుక్రవారం లెక్కల ట్యూషనని ఆలస్యంగా వస్తోంది. సంగీతం కాలేజీకి లెక్కలెందుకే అని నేను అడగలేదు. లెక్కలు నేర్చుకుంటానన్న పిల్లని ఎందుకని అడిగిన తండ్రి ఇంతవరకూ పుట్టలేదు. ఎంత ఆలస్యంగా వచ్చినా సంచీ దించి, ముందు ఫోనుతో ఒకసారి వాయించిగానీ అన్నానికి లేచేది కాదు. ఇప్పుడా ఫోను నా జేబులో ఉంది. మేడ మీదికి సరిచూసుకోవడానికి వెళ్తూ, నాన్నా, ఇది ఆఫ్ చేసి నీ దగ్గర పెట్టుకో అంది. పెట్టుకున్నాను. ఆఫ్ చెయ్యలేదు.

పదకొండూ పన్నెండు. తలుపు తెరుచుకుని ఒక పెద్దమనిషి నీళ్ల కోసం బయటికొచ్చాడు. చొక్కా చేతులు మడిచి ఉన్నాయి, కళ్లజోడు నుదుటి మీదికి ఎక్కి ఉంది, చంకలో ట్యాబు. మెడలో కార్డు మీద పియానో సహకారం అని రాసుంది. సహకారం. ఎంత మంచి మాట. నా మేనల్లుడు, అక్కయ్య కొడుకు, మూడేళ్ల కిందట నా దగ్గరికే పరీక్షకొస్తే అక్కయ్య ముందురోజు ఫోన్ చేసి వాడు మలుపుల దగ్గర కాస్త ఆగుతాడురా, భయస్తుడు, నువ్వే చూసుకోవాలి అంది. చూసుకున్నాను. పదిహేడో గడిలో మూడు గీతలు గీశాను. అక్కయ్య ఏడాది మాట్లాడలేదు. ఇరవై రెండేళ్లలో ఒక్క సిఫారసు వినలేదని ఆఫీసులో నాకు పేరు, రిటైరయ్యే రోజున ఆ మాటే చెప్పి శాలువా కప్పుతారని నాకు తెలుసు. ఫైలు కుర్చీలో పెట్టి లేచాను. ఆయన గ్లాసు నిండేదాకా పక్కనే నిలబడ్డాను.

"సార్, పదకొండున్నర సెల్లో అమ్మాయి. నేను వాళ్ల నాన్నని."

"ఆ, ఇప్పుడే చూసుకున్నామండీ. మొదలూ చివరా చూశాం, మధ్యలోది చూడ్డానికి టైం చాల్లేదు. మంచి చెయ్యి."

"మధ్యలో నాలుగో పేజీ చివర మా అమ్మాయి కాస్త ఆగుతుంది సార్. మీరు కూడా ఆగితే సరిపోతుంది. అరక్షణం."

"అలాగా? నాతో చెప్పలేదే."

"చెప్పదండీ. మొహమాటం."

ఆయన గ్లాసు పక్కన పెట్టి ట్యాబు తెరిచాడు, ఎక్కడ చూపించండి అన్నాడు. నాకు ఆ గుర్తులు తెలిస్తే కదా. పరుగు అయిపోయాక, పాట మళ్లీ వచ్చే ముందు అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. అప్పుడు నేను పాడాను. కోటు వేసుకుని, నీళ్ల యంత్రం పక్కన నిలబడి, కుడిచేయి పరుగూ ఎడమచేయి పరుగూ రెండూ నోటితో చేసి చూపించి, ఇక్కడ అన్నాను. ఫ్లూటు తల్లి ఫోన్లో మాట్లాడటం ఆపేసింది, పొద్దుట్నుంచీ ఆ వరండాలో నిశ్శబ్దం పాటించింది ఆ ఒక్కసారే. ఆయన నవ్వలేదు, మంచి మనిషి. తెర మీద పెన్నుతో రెండు చిన్న గీతలు పక్కపక్కన గీశాడు, ఇదేనండీ ఆగమని గుర్తు అన్నాడు. గీతలు గీయడం నా పని, ఇంకొకరు నా కోసం గీస్తుంటే చూడటం ఇదే మొదలు. పేజీలు ఎవరు తిప్పుతారండీ అని అడిగాను. కాలి కింద పెడలుందండీ, నొక్కితే అదే తిరుగుతుంది అని లోపలికి వెళ్లిపోయాడు. ఎన్నో ఏళ్లు నేను ప్రాణం పెట్టి ఆలస్యంగా చేసిన ఉద్యోగాన్ని ఆయన బొటనవేలు టైముకి చేస్తోంది.

మళ్లీ కూర్చున్నాను. మీరు ఆయనతో చెప్పారా అంది ఫ్లూటు తల్లి. చిన్న విషయమండీ అన్నాను. మనం చెప్పొచ్చని నాకు తెలీదే అని ఆవిడ లేచి తలుపు దగ్గరికి వెళ్లి, ఏం చెప్పాలో తోచక తిరిగొచ్చి కూర్చుంది. కమ్మీ ఊగింది. నా వీపు చెమట పట్టి చొక్కా మచ్చ దగ్గర అంటుకుంటోంది. తప్పు చేశానా. అడ్డదారేం కాదు, మార్కులు వేసేవాళ్లతో మాట్లాడలేదు కదా, పక్క వాయిద్యం మనిషితో మాట్లాడాను. పిల్ల ఆగుతుంది, ఆయనా ఆగుతాడు, ఇద్దరూ కలిసి ఆగితే అది తప్పులా ఉండదు, ఊపిరి తీసుకున్నట్టుంటుంది, వినేవాళ్లు అబ్బ అనుకుంటారు. ఆగకుండా ఆయన వెళ్లిపోయి పిల్ల ఒక్కతే వెనకపడిపోతే? ఎవరికోసమో చూస్తున్నట్టు కమాను పట్టుకుని అలా ఉండిపోతే? అక్కడ ఊఁ వినబడదు. కాయితం చప్పుడు వినబడదు. దగ్గు వినబడదు. ముగ్గురు కొత్తవాళ్లు పెన్నులు పట్టుకుని ఎదురుగా కూర్చుంటే నా పిల్ల వాళ్లమ్మ కోసం ఆగి నిలబడిపోతుంది. అది నేను చూడలేను. చూడక్కర్లేదు, తలుపు అద్దానికి కాయితం అంటించారు. వినలేను.

పదకొండూ ముప్పై మూడుకి, మేడ మీంచి అటు తలుపులోంచే పిల్లని తీసుకెళ్లినట్టున్నారు, లోపల కుర్చీ జరిగింది. టక్కుమని చప్పుడు. సెల్లో అడుగున పొడుగాటి మేకు ఉంటుంది, అది నేలకి గుచ్చి నిలబెట్టుకోవాలి, మా హాల్లో గచ్చు నిండా ఆ గుంటలే, ఒక్కో గుంట మీద ఒక్కో పట్టా. మొదలుపెట్టారు. పియానో మా ఆవిడ వాయించినట్టు లేదు, తప్పుల్లేవు. మా ఆవిడ వేలు రెండో పేజీలో ఒకచోట పక్క మెట్టు మీద పడేది, పడగానే స్స్ అనేది, ఫోన్లో కూడా స్స్ అంటుంది. ఈయన ఆ చోటు దాటిపోయాడు, ఏమీ కాలేదు. కానీ సెల్లో, ఇది మా సెల్లోయేనా, ఇంత గొంతు ఎక్కణ్నుంచి వచ్చింది. మూసిన తలుపులోంచి వచ్చి నా ఛాతీ మీద చెయ్యి పెట్టి తోస్తోంది. ఇంట్లో ఫోను వినబడాలని పిల్ల ఇన్నాళ్లూ గొంతు తగ్గించి వాయించిందన్నమాట. కంచు. అక్కయ్య పెట్టిన పేరు పదిహేడేళ్ల తర్వాత మళ్లీ నిజమైంది. మూడో పేజీ. నేను ఎప్పుడు లేచి నిలబడ్డానో తెలీదు. నాలుగో పేజీ. పరుగు మొదలైంది, కుడిచేయి పైకి, దాన్ని తరుముతూ ఎడమచేయి, ఆవిడ గడ్డం లేచే చోటు, ఊఁ అనే చోటు, నా చెయ్యి దానంతట అదే లేచింది, పియానో ఆగింది.

సెల్లో ఆగలేదు.

పియానో మాట నిలబెట్టుకుని బుద్ధిగా ఆగింది, ఆ ఆగినచోట నా పిల్ల ఒక్కతే అయిదో పేజీలోకి దిగిపోయింది. మొదటి పాట మళ్లీ వచ్చింది, కింద ఏ పియానో లేదు, పక్కన ఎవరూ లేరు, ఒక్క సెల్లో, ఒకటి, రెండు, మూడు, నాలుగో అంకెకి పియానో తడబడుతూ పరిగెత్తుకొచ్చి కలిసింది. ఆ మూడు అంకెలంతసేపూ సెల్లో వెనక్కి చూడలేదు, తొందరపడలేదు, ఎదుటి బండి నడిరోడ్డు మీద ఆగిపోతే పక్కనుంచి కాలు వణక్కుండా తీసుకుపోయినట్టు వెళ్లిపోయింది. అలా తీసుకుపోయినవాళ్లు ఇరవై రెండేళ్లలో నాకు పదిమంది కూడా తగల్లేదు. నా చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. తిప్పడానికి అక్కడ పేజీ లేదు, నీళ్ల యంత్రం ఉంది. ఫ్లూటు తల్లి నా చేతి వంక చూసి, ఏమనుకుందో, తన చెయ్యి కూడా సగం ఎత్తి నమస్కారం పెట్టింది.

ఆ తర్వాతి పేజీలు నేను వినలేదు. పిల్ల బయటికొచ్చింది, పెట్టె వీపుకి తగిలించుకుని, మొహం కడుక్కున్నట్టుగా ఉంది. ఏడవలేదు. నా ఎదురుగా నిలబడి వరండా చివరికి చూస్తూ మాట్లాడింది. బాగానే వచ్చింది, ఒక్కచోట ఆ సార్ ఉన్నట్టుండి ఆగిపోయారు, ఎందుకో తెలీలేదు, ముగ్గురూ తలలెత్తి చూసి ఒక్కసారే ఏదో రాసుకున్నారు అంది. మంచి రాశారో చెడు రాశారో తెలీలేదు నాన్నా, నీకు తెలుస్తుంది కదా, ఒకేసారి రాసుకుంటే ఏమిటి అని అడిగింది. నాకు తెలిసిందల్లా మా ఫారం. మా ఫారంలో ముప్పై ఒక్క గడులున్నాయి, అన్నీ తప్పులకే, ఒప్పుకి గడి లేదు. ఏమో తల్లీ అనొచ్చు. అంటే సరిపోతుంది. ఆ సార్ ముసలాయన, కాలు జారి ఉంటుంది అనొచ్చు, జన్మలో ఎవరికీ తెలీదు.

"ఆయన్ని ఆగమని చెప్పింది నేనే."

పిల్ల వరండా చివర్నుంచి చూపు తిప్పి నన్ను చూసింది.

"నువ్వు ఆగుతావని చెప్పాను. రోజూ ఆగుతావు కదా."

"స్కూల్లో పియానో మిస్‌తో మూడు వారాల్నుంచి వాయిస్తున్నాను నాన్నా, మంగళవారం, శుక్రవారం. అక్కడ ఎప్పుడూ ఆగలేదు. పొద్దున్న రైల్లో చెబుదామంటే నువ్వు రొట్టె పెట్టావు."

"మరి ఇంట్లో?"

పెట్టె పట్టీ ఎడమ భుజం మీంచి కుడి భుజం మీదికి మార్చుకుంది. గొంతు ఎప్పటిలాగే పక్కవాడికి వినబడనంత ఉంది.

"ఇంట్లో ఆగేది నీ కోసం. నువ్వు ఇస్త్రీ పెట్టె పైకెత్తి నిలబడేవాడివి. నేను వెళ్లిపోతే నువ్వు అలాగే ఉండిపోతావేమోనని."

కుర్చీలోంచి ఫైలు తీసి చూశాను. పద్నాలుగు జిరాక్సులు ఉన్నాయి. జేబులోంచి ఫోను తీసి ఇచ్చాను, వెలుగుతూనే ఉంది, ఆఫ్ చెయ్యలేదా అని అడగలేదు పిల్ల, తెలిసినట్టుంది. అమ్మది నీ ఫోన్లోకి పంపిస్తాను, నువ్వు ఉంచుకో అంది. నీకు వద్దా అని అడిగాను. మెట్లు దిగుతూ, వాయించేటప్పుడు వద్దు అంది. పెట్టె నేను మోస్తానన్నాను, ఇవ్వలేదు. కావాలంటే మోకాళ్ల మీద పెట్టుకుంటాను, తిరుగు ప్రయాణంలో అన్నాను, వద్దులే నాన్నా, సీటుంది కదా అంది. కోపం ఉందో లేదో వెనకనుంచి తెలియదు, వెనకనుంచి చూస్తే నడుస్తున్న సెల్లో తప్ప పిల్ల కనబడదు. ఆ గదిలో ముగ్గురూ ఏం రాసుకున్నారో నెలకిగానీ ఉత్తరం రాదు. వద్దని వస్తే అది పిల్ల తప్పు కాదు, ఆ సార్ తప్పూ కాదు, వాళ్లమ్మ తప్పు అసలు కాదు. ఆగిన ప్రతిచోటా అందరూ నా కోసమే ఆగారు. అందరి ఆలస్యాలకీ గీతలు గీస్తూ కూర్చున్నవాణ్ని, నాది కనబడలేదు.

గేటు దాటాక పెద్ద రోడ్డు. ఎర్రదీపం, నిలబడ్డాం. ఎండ మొహం మీద కొడుతోంది, కోటు విప్పేద్దామనుకున్నాను, మచ్చ గుర్తొచ్చి ఊరుకున్నాను. పచ్చదీపం పడింది. ఎడమకి చూశాను, కుడికి చూశాను, వెనక్కి చూశాను. అటూ ఇటూ ఒక్క బండి లేదు, రోడ్డంతా ఖాళీ. కాళ్లు కదల్లేదు. పిల్ల అప్పటికే తెల్లగీతల మీద నాలుగడుగులు వేసేసింది, అయిదోది వెయ్యబోయి ఆగింది. నడిరోడ్డు మీద, పచ్చదీపం వెలుగుతుండగా, నా వైపు తిరక్కుండానే, తల ఇంత పైకెత్తి,

"ఊఁ" అంది.

కదిలాను. ఎప్పట్లాగే, అరక్షణం ఆలస్యంగా.